స్వామికార్యం, స్వకార్యం ఒకే బండి ఎక్కితే

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. మే నెలలో రెండు కుటుంబాలు కలిసి కొండల మీదికి వెళ్లాలన్నది ఆలోచన. ఆమె, భర్త, ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేస్తున్న పదహారేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు ఒక వైపు. మరిది, తోడికోడలు, వాళ్ల పద్నాలుగేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల పాప ఇంకో వైపు. అందరికీ పెద్దదిక్కుగా అరవై ఎనిమిదేళ్ల అత్తగారు. మొత్తం తొమ్మిది మంది. పిల్లలు అడిగింది చల్లగాలి, వీలైతే మంచు. భర్త కాగితం మీద వేసింది మాత్రం కేదార్‌నాథ్, బద్రీనాథ్, చివర్లో ముస్సోరీ. మామగారు పోయి మూడేళ్లయింది. రిటైరయ్యాక కేదారం వెళ్దామని అంటూ అంటూనే వెళ్లిపోయారట. కనీసం అమ్మనైనా తీసుకెళ్లాలని కొడుకు పట్టుదల. చేతిలో ఉన్న సెలవు పదకొండు రోజులు.

చిక్కులు ఇవి. ఎనిమిదేళ్ల అబ్బాయికి ఘాట్ రోడ్డు పడదు. తిరుమల కొండ ఎక్కేలోపే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అత్తగారికి బీపీ, మోకాళ్ల నొప్పులు. కూతురు ‘నేను రాను, హాస్టల్లో ఉంటాను’ అని తలుపు వేసుకుంది. ‘ఫోను, స్నేహితులు తప్ప దానికి ఎవరూ అక్కర్లేదు’ అని తల్లి బాధ. రెండో పేజీ అడుగున ఇంకో మాట ఉంది: ఆ తేదీల్లో అమ్మాయికి నెలసరి వచ్చేలా ఉందనీ, వాయిదా పడే మాత్రలు వేయించమని అత్తగారు చెప్పారనీ. తోడికోడలు ఏ అభిప్రాయమూ చెప్పదు కానీ తేడా వస్తే ‘నేను ముందే అనుకున్నాను’ అంటుందట. ‘ఎవరి మాట విన్నా ఇంకొకరికి కోపం. ఏం చేయమంటారు? తొమ్మిది మందికీ వండడానికి కుక్కర్ పట్టుకెళ్లనా?’ అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

ముందు మీవారి కాగితాన్ని లెక్కపెడదాం. కోపాల సంగతి ఆ తర్వాత. విజయవాడలో రైలెక్కి ఢిల్లీ మీదుగా హరిద్వార్ చేరడానికి రెండు రోజులు, తిరిగి రావడానికి రెండు రోజులు. పదకొండులో ఇక ఏడు మిగిలాయి. మొదటి రోజు హరిద్వార్ నుంచి సోన్‌ప్రయాగ వైపు పగలంతా ఘాట్ రోడ్డు. రెండో రోజు గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు పదహారు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు. మూడో రోజు దిగడం. నాలుగో రోజు మళ్లీ పగలంతా బండిలో, బద్రీనాథ్‌కు. ఐదో రోజు పొద్దున్నే దర్శనం, మధ్యాహ్నం నుంచి దిగుదల. ఆరో రోజు ముస్సోరీ దాకా రోడ్డే. ఏడో రోజు ముస్సోరీ. అంటే పిల్లల పేరు చెప్పి మొదలుపెట్టిన ప్రయాణంలో పిల్లలకు దక్కేది ఒక్క రోజు. అది కూడా దారిలో ఎక్కడా కొండచరియ విరిగిపడకుండా, ఎవరికీ జ్వరం రాకుండా ఉంటేనే. పైగా మే నెలలో ముస్సోరీలో మంచు ఉండదు.

స్వామికార్యం, స్వకార్యం రెండూ నెరవేరతాయని మనం చాలాసార్లు అనుకుంటాం. తిరుపతి వెళ్లి వస్తూ కాళహస్తి చూసుకోవడం వరకు ఆ లెక్క బాగానే ఉంటుంది. ఇది అలాంటి ప్రయాణం కాదు. తిరుమల ఘాట్ రోడ్డు ఇరవై కిలోమీటర్ల లోపే. హరిద్వార్ నుంచి బద్రీనాథ్ మూడు వందల కిలోమీటర్ల పైమాటే, అందులో ఎక్కువ భాగం మెలికల దారి. మీ బాబు సంగతి తలచుకుంటే నాకు కడుపులో తిప్పుతోంది. (మా చిన్నవాడు అరకు ఘాట్‌లో అనంతగిరి దాటకముందే నా పట్టుచీర కొంగు పాడుచేశాడు. కొండ ప్రయాణానికి పట్టుచీర కట్టుకున్న తెలివి నాది.)

వాంతుల కంటే పట్టించుకోవలసింది ఎత్తు. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గౌరీకుండ్ రెండు వేల మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క పగలులో పదహారు వందల మీటర్లు ఎక్కి, ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. సుమారు 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు, అంటే పలచబడిన గాలికి శరీరం తట్టుకోలేకపోవడం, రావచ్చు. మూడు వేలు దాటాక రాత్రి బసను రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు. వయసులో ఉన్నవాళ్లకు రాదనీ, పిల్లలకు త్వరగా అలవాటవుతుందనీ అనుకోవడం పొరపాటు. పెద్దవాళ్లకు ఎంత అవకాశమో పిల్లలకూ అంతే. తేడా ఒక్కటే: మీరైతే ‘తల పగిలిపోతోంది’ అని చెప్పగలరు. మీ తోడికోడలి నాలుగేళ్ల పాప చెప్పలేదు. ఊరికే ఏడుస్తుంది, అన్నం ముట్టదు, ఆడుకోదు, నిద్రపోదు. దారి బడలిక అనుకుని జోకొడతారు. అలాంటప్పుడు పనిచేసే మందు కిందికి దిగడమే, అర్ధరాత్రి పూట కేదారం నుంచి పాపను ఎత్తుకుని ఎలా దిగుతారు?

హెలికాప్టర్ ఉంది కదా అని మీవారు అనవచ్చు. మోకాళ్ల బాధ దానితో తప్పుతుంది, నిజమే. ఎత్తు బాధ తప్పదు. గంటల్లో ఎక్కవలసింది నిమిషాల్లో ఎక్కుతారు కాబట్టి శరీరానికి సర్దుకునే వ్యవధి ఇంకా తగ్గుతుంది. ఆ రోజే దర్శనం చేసుకుని దిగిపోతే కొంత నయం. మబ్బు పట్టిందంటే మాత్రం ఎగరదు, మీ పదకొండు రోజుల లెక్కలో ఆగడానికి ఒక్క రోజు కూడా మిగులు లేదు.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వస్తాను. ఉత్తరమంతా చదివాక గమనించింది ఏమిటంటే, కేదారం వెళ్లాలన్న కోరిక మామగారిది, తీసుకెళ్లాలన్న పట్టుదల మీవారిది. అత్తగారు ఏమన్నారో మూడు పేజీల్లో ఎక్కడా లేదు, ఆ మాత్రల మాట తప్ప. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, కొడుకులు ఇంట్లో లేనప్పుడు, పక్కన కూర్చుని అడగండి: ‘అత్తయ్యా, మీకు ఏది ముఖ్యం?’ అని. ఆమె మనసులో ఉన్నది బహుశా భర్త పేరున బ్రహ్మకపాలంలో పిండప్రదానం కావచ్చు. మన వైపు చాలామంది పెద్దవాళ్లకు ఆ కోరిక ఉంటుంది. అదే అయితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. బ్రహ్మకపాలం ఉన్నది బద్రీనాథ్‌లో, అలకనంద ఒడ్డున. అక్కడికి బండి వెళుతుంది, పదహారు కిలోమీటర్లు ఎక్కనక్కర్లేదు. కాదు, ఆమెకూ కేదారమే కావాలంటే అప్పుడు డాక్టరు దగ్గర బీపీ, గుండె చూపించుకుని ఆ ప్రయాణాన్ని ఆమె కోసమే, ఆమె నడకకు తగ్గట్టు వేయాలి. పిల్లల సెలవుల్లో ఇరికించకూడదు.

ఇక మీ అమ్మాయి. ఆమె రానంటున్నది ఫోను కోసమని మీరు తేల్చేశారు. కానీ మీరే రాసిన వరుస చూడండి. మొదట ‘మంచు చూద్దామని డిసెంబరులో తనే అడిగింది’ అని ఉంది. తర్వాత పుణ్యక్షేత్రాల మాట వచ్చింది. తర్వాత మాత్రల మాట. ఆ తర్వాతే ‘హాస్టల్లో ఉంటాను’. పదహారేళ్ల పిల్ల నెలసరి తేదీ నానమ్మకూ, నాన్నకూ, బాబాయికీ ప్రయాణ పట్టికలో ఒక అంశమై కూర్చుంది. తలుపు వేసుకోక ఏం చేస్తుంది? నాకు తప్పుగా తోచిందేమో తెలియదు, కానీ ముందు ఈ కోణం నుంచి ఒకసారి అడిగి చూడండి. మందలించడానికి కాకుండా, గదిలో మీరిద్దరే ఉన్నప్పుడు, ‘ఆ మాత్రల మాట అందరి ముందూ రావడం నీకు కష్టంగా ఉందా?’ అని సూటిగా.

మాత్రల విషయంలో నా మాట ఇది. వాటిని వైద్యులు ఇస్తారు, కొందరికి ఇబ్బంది లేకుండా సరిపోతాయి కూడా. అయితే మందుల షాపులో అడిగి తెచ్చి వేసే వస్తువు కాదు. అమ్మాయి ఆరోగ్య చరిత్ర, ఇంట్లో రక్తం గడ్డకట్టే జబ్బు ఎవరికైనా ఉందా అన్నవి చూసి గైనకాలజిస్టు నిర్ణయించాలి, తేదీకి కొన్ని రోజుల ముందే మొదలుపెట్టాలి. వికారం, తలనొప్పి కొందరికి వస్తాయి. ఎత్తు జబ్బుకు మొదటి లక్షణాలు కూడా సరిగ్గా అవే. మూడు వేల మీటర్ల మీద పిల్లకు తలనొప్పి వస్తే అది మాత్ర వల్లో, కొండ వల్లో మీకు ఎలా తెలుస్తుంది? వేసుకోవాలా వద్దా అన్న చివరి మాట అమ్మాయిదే. ‘వద్దు, ఆ రోజు గుడికి రాను, గదిలో పుస్తకం చదువుకుంటాను’ అంటే మీరు తోడుగా ఉండండి. ఆచారానికీ భంగం లేదు, పిల్ల మనసుకూ గాయం లేదు. అత్తగారికి ఈ సంగతి మీరు చెప్పండి, అమ్మాయి చేత చెప్పించవద్దు.

మీ ముందున్న దారులు నాకు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, అందరూ కలిసే ఉత్తరాఖండ్ వెళ్లడం, కేదారాన్నీ ముస్సోరీనీ తీసేసి బద్రీనాథ్ ఒక్కటే ఉంచుకోవడం. ఏడు రోజుల్లో ఇది ఊపిరి సలిపే ప్రయాణం. హృషీకేశ్‌లో ఒక పూర్తి రోజు, దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసే చోట ఒక పూట, జోషీమఠ్‌లో రెండు రాత్రులు. జోషీమఠ్ సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడి నుంచి బద్రీనాథ్ యాభై కిలోమీటర్ల లోపే. పొద్దున్నే వెళ్లి, పిండప్రదానం, దర్శనం ముగించుకుని సాయంత్రానికి దిగి వచ్చి పడుకుంటే 3,100 మీటర్ల ఎత్తులో రాత్రి గడపనక్కర్లేదు. పాపకు అది పెద్ద రక్ష. మే మొదట్లో అయితే చుట్టూ శిఖరాల మీద మంచు కనిపిస్తుంది, పిల్లల కోరిక కొంత తీరుతుంది. జోషీమఠ్‌లో నరసింహస్వామి ఆలయం ఉంది, మంగళగిరి స్వామిని కొలిచే అత్తగారికి అది అదనపు లాభం. నష్టాలూ చెబుతాను. బాబుకు రాకపోకలు కలిపి మూడు నాలుగు రోజుల మెలికల రోడ్డు తప్పదు. మే నెలలో యాత్రికుల రద్దీ విపరీతం. ముందుగా యాత్ర రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే దారిలోనే ఆపేస్తారు. పెద్ద పిల్లలిద్దరికీ ఇది చివరికి గుడి ప్రయాణంగానే గుర్తుంటుంది.

రెండోది, కాలాన్ని విడగొట్టడం. నాకు మొగ్గు ఇటే ఉంది, దాచను. వేసవి పిల్లలకు, దసరా తర్వాతి రోజులు అత్తగారికి. కేదార్‌నాథ్ తలుపులు దీపావళి వెళ్లాక, భగినీహస్త భోజనం నాడు మూస్తారు. బద్రీనాథ్ ఆ తర్వాత కొన్ని వారాల దాకా తెరిచే ఉంటుంది. వానలు వెనకబట్టాక, అక్టోబరులో దారులు కొంత కుదురుగా ఉంటాయి, మే నాటి తొక్కిసలాట ఉండదు. చలి మాత్రం గట్టిగా ఉంటుంది, స్వెటర్లతో సరిపెట్టలేరు. ఇద్దరు కొడుకులూ తల్లిని తీసుకుని వెళ్లి రావచ్చు. తండ్రి అనుకుని చేయలేకపోయిన ప్రయాణం కొడుకులిద్దరూ, తల్లీ మాత్రమే చేయడంలో ఒక అందం ఉంది. వెనకాల బండిలో పిల్లలు వాంతులు చేసుకోకుండా ఉంటే ఆ అందం ఇంకొంచెం బాగా తెలుస్తుంది. ఖర్చు రెండుసార్లు, సెలవు రెండుసార్లు అన్నది నిజం. ‘అక్టోబరు వరకు అమ్మ ఆరోగ్యం ఎలా ఉంటుందో’ అని మీవారికి భయం ఉంటే దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. తండ్రి విషయంలో వాయిదా వేసి దెబ్బతిన్న మనిషి ఆయన. డాక్టరు మాట, ముందే తీసుకున్న టికెట్టు, ఈ రెండూ చేతిలో పెడితే తప్ప ఆ భయం పోదు.

ఇలా విడగొడితే వేసవికి ఎక్కడికి? మీ బాబును దృష్టిలో పెట్టుకుంటే నేను నీలగిరులనే చెబుతాను. ఊటీ అనగానే మీ అమ్మాయి మూతి విరుస్తుందని తెలుసు. చాక్లెట్లు, పడవ షికారు, గుర్రం మీద ఫొటో... ఆ ఊటీ గురించి కాదు నేను చెప్పేది. కొండ కిందున్న మేట్టుపాళయంలో పొద్దున ఏడు దాటాక ఊటీకి బయలుదేరే కొండ రైలు ఉంది కదా, నలభై ఆరు కిలోమీటర్లకు ఐదు గంటలు తీసుకుంటుంది. కల్లార్ నుంచి కూనూరు వరకు పట్టాల మధ్య పళ్లున్న ఇంకో పట్టా ఉంటుంది. ఇంజను ముందు ఉండదు, వెనక నుంచి నెడుతుంది. ఆ పళ్లలో చక్రం పడి లేచే టకటక చప్పుడు పెట్టె అడుగు నుంచి వినిపిస్తూనే ఉంటుంది. హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఆగినప్పుడు అందరూ దిగి టీ తాగుతారు, కోతులు బిస్కెట్ పొట్లాలు లాక్కుపోతాయి. ఆ వేగానికి ఎవరికీ కడుపు తిప్పదు. ఘాట్ రోడ్డు లేకుండా రెండు వేల మీటర్ల పైకి ఎక్కే దారి మీ బాబుకు ఇంతకంటే దొరకదు. 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న రైలు ఇది, సీట్లు తక్కువ.

బస ఊటీ మధ్యలో కాకుండా కూనూరులోనో కోటగిరిలోనో చూసుకోండి. రద్దీ తగ్గుతుంది. మే నెలలో కూడా ఊటీలో పగలు 25 డిగ్రీల లోపే ఉంటుంది. మీ ఊళ్లో ఆ రోజుల్లో ఎంత ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అత్తగారు కూడా హాయిగా రావచ్చు, ఎత్తు భయం లేదు. పైన బండి మాట్లాడుకుంటే డ్రైవరును ఈ-పాస్ గురించి అడగండి, 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో బయటి వాహనాలకు అది తప్పనిసరి. ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు అక్కడ నిషేధం, ఇంటి నుంచి స్టీలు సీసాలు పట్టుకెళ్లండి. మంచు మాత్రం ఉండదు. ఆ మాట పిల్లలకు ఇప్పుడే చెప్పండి, అక్కడికి వెళ్లాక కాదు. మంచే కావాలని పట్టుబడితే మనాలీలో పడుకుని పగటి పూట పైకి వెళ్లి రావడం ఒక పద్ధతి. ఢిల్లీ నుంచి మనాలీ ఐదు వందల కిలోమీటర్ల రోడ్డు, మళ్లీ బాబు దగ్గరికే వచ్చాం.

మూడోది, మనుషులను విడగొట్టడం. మేలోనే మీవారు, మరిది తల్లిని తీసుకుని బద్రీనాథ్ వెళితే మీరు, తోడికోడలు నలుగురు పిల్లలతో ఏదో ఒక కొండ చూసి రావడం. సెలవు ఒకటే, కోరికలు రెండూ తీరతాయి. బరువు మాత్రం మీ ఇద్దరు ఆడవాళ్ల మీద పడుతుంది, ఏ అభిప్రాయమూ చెప్పని తోడికోడలితో ఐదు రోజులు ఎలా ఉంటుందో మీకే తెలియాలి. ఒక్కోసారి మగవాళ్లు లేకపోతే నోరు విప్పే మనుషులు ఉంటారు, అది కూడా కొట్టిపారేయలేను.

ఏ దారి పట్టినా పెద్ద పిల్లలిద్దరికీ ఒక పని అప్పగించండి. ‘మీకు ఏం కావాలి’ అని అడిగితే భుజాలు ఎగరేస్తారు. అదే ‘మూడో రోజు మీది, మూడు వేల రూపాయలు మీ చేతిలో పెడతాం, తొమ్మిది మందీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ తినాలో మీరే చెప్పాలి, నానమ్మ ఎక్కువ నడవలేదు, పాప మధ్యాహ్నం నిద్రపోవాలి’ అంటే ఆ ఫోనే పనికొస్తుంది. వాళ్లు చెప్పిన హోటల్లో దోసె బాగాలేకపోయినా ఆ రోజు నోరు మెదపవద్దు. మీ మరిది కొడుకు గురించి వయసు తప్ప మీరు ఏమీ రాయలేదు. ఆ వయసు మగపిల్లవాణ్ని సామాన్లు మోయడానికి తప్ప ఎవరూ పిలవరు. అక్కతో కలిపి ఈ పని ఇస్తే ఇద్దరూ ఒక జట్టు అవుతారు.

అన్నీ మాట్లాడాక కూడా మీ అమ్మాయి రానంటే? పదహారేళ్ల పిల్లను బలవంతంగా తీసుకెళితే తొమ్మిది మంది ప్రయాణమూ ఆమె ముఖం మీదే నడుస్తుంది. వదిలేయండి, కానీ వేసవిలో ఖాళీ అయ్యే హాస్టల్లో కాదు. అమ్మమ్మగారింట్లో ఉండమనండి. అలిగి ఉన్నట్టు కాకుండా, ఒప్పుకుని ఉన్నట్టు ఉండాలి. టికెట్లు తీసేముందు వారం గడువివ్వండి, ఆ తర్వాత మనసు మారితే వెయిటింగ్ లిస్టేనని చెప్పండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే మొదలవుతుంది. మే 10న బయలుదేరాలంటే మార్చి 11 పొద్దున ఎనిమిదింటికి మీవారు ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఆయనతో మాట్లాడేటప్పుడు ‘మీ పథకం కుదరదు’ అని మొదలుపెట్టకండి. ఆ ఏడు రోజుల లెక్క ఆయన చేతే కాగితం మీద వేయించండి, చాలు.

బాబు ఏ బండి ఎక్కినా ముందు సీట్లో, ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చోవాలి. చేతికి ఫోను ఇవ్వవద్దు. ఎక్కే ముందు రెండు ఇడ్లీలు చాలు. తిరుమల ఎక్కిన రోజు పొద్దున పూరీలు తినిపించారేమో గుర్తు తెచ్చుకోండి. వాంతి మాత్ర ఎంత మోతాదో పిల్లల డాక్టరును అడిగి, బయలుదేరడానికి ముందే వేయాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసిన మాత్ర బయటికే వస్తుంది.

కుక్కర్ సంగతి అడిగారు. బద్రీనాథ్ అంత ఎత్తున నీళ్లు తొంభై డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఒక పట్టాన ఉడకదు, కాబట్టి అడగడంలో అర్థముంది. కానీ లాడ్జి గదిలో స్టవ్ వెలిగించనివ్వరు. వెలిగించనిచ్చినా దాని ముందు నిలబడేది మీరే. ఆవకాయ, కందిపొడి, గోంగూర, అత్తగారికి సరిపడా అటుకులు పట్టుకెళ్లండి. కుక్కర్‌ను ఇంట్లోనే ఉంచండి.